సగంలో ఆపిన పాట

నా చిన్నప్పుడు, ఒక గురువారం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు, మా మేనత్త పెళ్ళి ఆగిపోయేటంత పని జరిగింది. గంట ఎట్లా తెలుసంటే, మైకుసెట్టు ఆయన చేతికి గడియారం ఉండేది. మాకెవరికీ లేదు. నేను అక్షరాలు నేర్చింది ఏభై దాటాకే గానీ, చెవులు మాత్రం పుట్టినప్పటినుంచీ బాగానే పనిచేస్తున్నాయి. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మాది ఉదయగిరి కొండ కింద గొర్రెలు కాసుకునే కుటుంబం. మా తాతయ్య పాత వీరుల కథలు పాడేవాడు. సినిమా పాటంటే చులకన. "ఆ కూతకు అంత గిరాకీ ఏందిరా" అనేవాడు. నేనూ ఆ మాటే పట్టుకుని తోటి పిల్లల దగ్గర ఎగిరేదాన్ని.

ఆ రోజు మగపెళ్ళివాళ్ళు దుత్తలూరు వైపు నుంచి ఎద్దుబండ్ల మీద రావాలి. ఊరి మొదట్లో ఎదురుపోయి, పానకం ఇచ్చి పిలుచుకురావడం మర్యాద. అవి ముహూర్తాల రోజులు. ముందుగా వచ్చిన బండ్లను చూసి మా నాయన బిందెలతో పరుగెత్తి అందరికీ కడుపునిండా పోశాడు. వాళ్ళు తాగి, మూతి తుడుచుకుని, వరికుంటపాడు పెళ్ళికి దారి ఎటని అడిగారు. అసలు వాళ్ళు వచ్చేసరికి బిందె అడుగున మిరియాలే మిగిలాయి.

పెళ్ళికొడుకు పెదనాయన బండి దిగలేదు. "దారినబొయ్యేటోళ్ళకు పోసి, మాకు అడుగు ఊడ్చి పెడతారా? తిప్పండిరా ఎడ్లను!" అన్నాడు. మా అవ్వ మళ్ళీ కలిపి తెచ్చి బతిమాలింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. అక్కడికి నాలుగో ఇంట్లో మా అత్త పసుపు మొహంతో ఏడుస్తూ కూర్చుంది.

మా తాతయ్య చెవి మీద చెయ్యి పెట్టుకుని తన కథ ఎత్తుకున్నాడు. అంత గొప్పగా ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు. బండ్లలో అందరూ నోరు మూసుకుని విన్నారు. అదే చిక్కయింది. పాట అయిపోయినా ఆ నోళ్ళు తెరుచుకోలేదు.

అప్పుడాయన మైకుసెట్టు దగ్గరికి పోయి, "ఊరంతా కూస్తా ఉండారే, ఆ సినిమా పాట వెయ్యి" అన్నాడు. ఆ ఏడు ఆత్మకూరు దాకా ఆ పాట రానివాళ్ళు లేరు. పల్లవి అయిందో లేదో, తాతయ్య తన చేత్తోనే తిరుగుతున్న రికార్డు ప్లేటు మీద నుంచి ముల్లు ఎత్తేశాడు. అంతటితో ఆగక, మొదటి చరణం వదిలేసి రెండోది తనే అందుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బండ్లలో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

పెదనాయన ఉండబట్టలేకపోయాడు.

"ఆపు బావా, ఆపు! మొదటి చరణం మింగేసినావే!"

"గొర్రెలోణ్ణి, నాకేం తెలుసు బావా. నువ్వే చెప్పు."

ఆయన చెప్పాడు. చెప్పడమేంటి, పాడాడు. గొంతు పగిలిన కుండ. అయినా వెనక బండ్లు అందుకున్నాయి, మా వీధి ఆడవాళ్ళు అందుకున్నారు. చేతులు తిప్పుతూ పాడడానికి బండిలో చోటు చాలక ఆయన కిందికి దిగాడు. మా అవ్వ చెంబు చేతిలో పెట్టింది. చరణానికీ చరణానికీ మధ్య తాగేసి, "బెల్లం తక్కువేసినావమ్మా" అన్నాడు.

తర్వాత నేను, రాని పాట ఎందుకు ఎత్తుకున్నావని తాతయ్యను నిలదీశాను. ఆయన నవ్వి, "నాకొచ్చులే. మంద వెనకాల పాడుకుంటా. ఎవురికీ చెప్పబాక" అన్నాడు. మళ్ళీ తనే, "నా పాట వినేదానికే పనికొస్తాది. ఇది గొంతు లేనోడు గూడా పాడుకుంటాడు. దీని పని దీనికుండాది" అన్నాడు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో పెట్టే పాటల్లో సగం నాకు నచ్చవు. నచ్చవనే చెబుతాను. కానీ పనికిమాలినవని మాత్రం అనను. పాట మొదలవగానే ఆటోలో ముక్కూమొహం తెలియని నలుగురు పెదవులు కదిలిస్తుంటే, నేనూ వచ్చినంత వరకు కలుపుతాను.

ఆ సాయంత్రం అక్కడున్నది మా తాతయ్య, మా అవ్వ, ఖాళీ బిందెలతో మా నాయన, పెదనాయన, బండిలో తలవంచుకున్న పెళ్ళికొడుకు మా మామ, మైకుసెట్టు ఆయన, మూడు బండ్ల దుత్తలూరు వాళ్ళు, మా వీధి ఆడవాళ్ళు, నేను. ఇంకా, ఎవరికీ కనబడకుండా ఇంట్లో నుంచే గొంతు కలిపిన మా అత్త.