చీరపీలికల గుర్తులు

కామాఠిపురలోని మా నాలుగంతస్తుల చాల్‌లో అందరి ఇంటర్నెట్టూ వైర్ల కాకా పేరు మీదున్న ఒక్క లైనే. ఏ ఖోలీకి పోయే వైరుకు ఆ ఇంటి పాతచీర పీలిక కట్టేవాడు. రిపేరొస్తే రంగు చూసి నేరుగా ఆ గడపకే వచ్చేవాడు.

ఒకరోజు కంపెనీ మనిషి వచ్చి, "కొత్త సినిమా దొంగతనంగా దించి పంచింది ఏ ఖోలీ? రేపటికి చెప్పకుంటే నీ లైను కట్" అన్నాడు.

"తార్ ఏసెటోన్ని సాబ్, అండ్ల ఏం పోతదో నాకేమెరుక?" అన్నాడు కాకా. ఆ మనిషి మెట్లు దిగగానే పీలికలన్నీ కోసేశాడు.

నెల రోజులు లైను లేదు. తిరిగొచ్చాక ఏ రిపేరొచ్చినా, గుర్తుల్లేక ఒక్కో వైరే లాగుతూ, "కదిలిందా?" అని నాలుగంతస్తులకూ వినబడేలా అరిచేవాడు.

మా వైరు చెడిన రోజు మాత్రం ఏదీ లాగలేదు. నేరుగా మా గడపలో నిలబడి, "పిక్చర్ మంచిగుండెనా బిడ్డా?" అన్నాడు.

"మంచిగనే ఉండె కాకా" అని చాయ్ పెట్టాను.