దుమ్మును మింగే కణం

నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కి, మర్నాడు ఆఫీసుకు పంపాల్సిన వీడియోను ఫోన్‌లో చూసుకుంటున్నాను. శరీరంలోని కణాలు ఎలా పనిచేస్తాయో బడిపిల్లలకు కంప్యూటర్ బొమ్మల్లో చూపించడం నా ఉద్యోగం. ఆ వీడియోలో ఊపిరితిత్తిలోని ఒక కణం పాకుతూ వచ్చి దుమ్ము రేణువును మింగుతుంది.

పక్క సీట్లో ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకున్న నడివయసు ఆవిడ వంగి చూసింది.

"ఏందమ్మాయ్ అది?"

బళ్లలో పిల్లలకు చూపించేదని చెప్పాను. మళ్లీ వేయమంది. మూడుసార్లు చూసింది.

"మింగినాక ఏమైద్ది?"

"అక్కడితో అయిపోతుందక్కా."

"మా ఆయన చానా ఏళ్లు క్వారీలో రాళ్లు కోశాడు. ఇప్పుడు నాలుగడుగులు నడవలేడు. ఆయనకి ఈ పురుగు లేదా ఏంది?"

అబద్ధం చెప్పలేకపోయాను. రాతి దుమ్మును ఆ కణం అరిగించుకోలేదని, మింగి తానే చస్తుందని, అదే దుమ్మును మింగి ఇంకోటీ చస్తుందని, అలా అలా ఊపిరితిత్తి గట్టిపడిపోతుందని చెప్పాను.

"తెలిసి గూడా పెట్టలేదా?" అంది. "మా పిల్లోళ్లూ ఆ బళ్లోనే గదా చదివేది. రేపు పొయ్యేది ఆ క్వారీకే గదా."

ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకుని కారంపూడిలో దిగిపోయింది.

మర్నాడు మా మేనేజర్‌ను అడిగాను, కణం చచ్చేదాకా చూపిద్దామని. పిల్లలు జడుసుకుంటారన్నాడు. పైగా దుమ్ము మింగాక అది నవ్వితే ముద్దుగా ఉంటుందన్నాడు. ఆ నవ్వు గీసిచ్చాను.

ఇప్పుడా వీడియోను క్వారీల పక్క ఊళ్ల బళ్లలోనూ వేస్తున్నారు. కణం నవ్వగానే పిల్లలు కూడా నవ్వుతారట.