మంటకు కాచిన డప్పు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన వారానికే, నన్ను పనికి తెచ్చుకున్న కఫీల్ సౌదీకి వెళ్ళిపోయాడు. మేముండే ఖైతాన్ పేటలో తిండికి కటకటలాడుతుంటే, మా గది కింద వాద్యాలు బాగుచేసే సూడాన్ ముసలాయన అన్నం పెట్టి పని నేర్పుతానన్నాడు.

"ఇప్పుడు పాటలెవురికి కావల్ల?" అని విసుక్కున్నాను.

"యుద్ధం అయ్యాక పెళ్ళిళ్ళు ఉండవా?" అన్నాడు తన ముక్కల హిందీలో.

మొదటి రోజే డప్పులాంటి వాద్యం ఒకటి మెత్తగా పలికింది. తోలు బిగుస్తుందని, మా ఊరి అలవాటు కొద్దీ స్టవ్ మంటకు కాచాను. అది తోలు కాదు, ప్లాస్టిక్. ముడుచుకుపోయింది. తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన మాత్రం "కాచడం ఎవరు నేర్పారు?" అనడిగాడు.

కడప నుంచి వచ్చాక ఆ సంగతి నా గదిలోవాళ్ళకు కూడా చెప్పలేదు. "మా నాయన. డప్పు కొడతాడు" అన్నాను తల దించుకుని.

"అయితే ఉస్తాద్ కొడుకువి" అంటూ మేకతోలు చేతికిచ్చాడు. "యల్లా, కానియ్, బిగించు."

ఆ పనే ఇవాళ్టికీ నాకు కూడు పెడుతోంది. మా నాయనను ఊళ్ళో పసిపిల్లలు కూడా ‘రేయ్’ అనే పిలిచేవారు. ఆయన ముఖమైనా చూడని మనిషి ఆయన్ను ఉస్తాద్ అన్నాడు.