ఉప్పులేని రెండు నెలల తర్వాత బీజాపూరుకు

అత్తమ్మకు తల తిరగడం, ముక్కులోంచి రక్తం రావడం మొదలయ్యాక, రెండు నెలల కిందట మా ఆయన ఆమెను బీజాపూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరుగారు జబ్బకు గుడ్డపట్టీ కట్టి, గాలి కొట్టి, పాదరసం రెండు వందలు దాటిందన్నారట. ఉప్పు మానాలి, రెండు నెలల్లో దిగకపోతే జగదల్‌పూర్ పెద్దాసుపత్రిలో ఉంచాలి, లేకుంటే పక్షవాతం రావచ్చని చెప్పి పంపారు. ఇప్పపూలు రాలే రోజులు కావడంతో ఈసారి మా ఆయన అడవి విడిచి రాలేకపోయారు. పరాయివాళ్ల ముందు నోరు విప్పని నేనే బయల్దేరాను. పెద్దవాళ్లతో అటు వెళ్లేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఉప్పు మానడం మా వైపు చిన్న సంగతి కాదు. సంతలో సారపప్పు ఇచ్చి ఉప్పు తెచ్చుకుంటాం. పెద్దవాళ్ల కంచంలో ముందుగా ఉప్పురాయి పెట్టడం మర్యాద. మొదటిరోజు చప్పటి జావ పోస్తే, కోడలికి తాను ఉప్పుకు కూడా బరువయ్యానని అత్తమ్మ నలుగురికీ వినపడేలా అంది. పొరుగింటి దోర్ల తెగ అక్క నాకో ఉపాయం చెప్పింది. ఎర్రచీమల తొక్కు పులుపుకు ఉప్పు లేదని నాలుకకు తెలియదట. మా ఇంట్లో చీమలు తినరు. చింతపండు తొక్కని చెప్పి పెట్టాను. నేనూ అదే తిన్నాను.

భోపాలపట్నం నుంచి వచ్చే టపా మోటారు మా మద్దేడుకు ఉదయం ఏడింటికి వస్తుంది. మనిషికి ఆరణాలు. ముందు సీటు అడగండి, కుదుపు తక్కువ. వాగు దగ్గర దిగి నడవాలి, ఈ రోజుల్లో నీళ్లు మడమల దాకానే. పాణం బాగలేదా అని డ్రైవరు అత్తమ్మను అడిగాడు.

"పాణం మంచిగనే ఉంది. ఉప్పే లేదు" అంది.

తొమ్మిదిన్నరకు బీజాపూరు చేరాం. డాక్టరుగారికి హిందీ తప్ప రాదు. సంతలో నేర్చిన నా హిందీయే దిక్కయింది. పట్టీ కట్టేముందు ఆయన అత్తమ్మను అరగంట కూర్చోబెట్టారు. తన అత్త కాలంలో ఈ పట్టీ లేదు, ఈ రోగమూ లేదని ఆమె అంటే, తల వంచుకునే హిందీలో చెప్పాను. ఆయన నవ్వి, రోగం ఉంది, కనిపించలేదంతే అన్నారు. పాతకాలం వైద్యులు నాడి చూసి, గట్టిగా కొట్టుకుంటుంటే జలగలు పట్టించి రక్తం తీయించేవారట. పాదరసం పరికరం వచ్చి ఇంకా ఒక మనిషి ఆయుష్షంత కూడా కాలేదట. అది వచ్చాక కూడా, నరాల్లో ఆ రక్తపు ఒత్తిడి ఒంటికి అవసరమేమో, దించితే ప్రమాదమేమోనని చాలామంది డాక్టర్లు భయపడ్డారట. ఇప్పుడు కొందరు ఉప్పు మాన్పించి చూస్తున్నారు, కలకత్తాలో పాతాళగంధి వేరు పొడి ఇచ్చి దించుతున్నారు అన్నారు. ఆ వేరు మా అడవిలోదే. నిద్రపట్టనివాళ్లకు దోర్లవాళ్లు ఇస్తారు. ఆ మాట అత్తమ్మకు తెలుగులో చెబుతుంటే నా తల దానంతటదే లేచింది.

తర్వాత పట్టీ కట్టారు. పాదరసం నూట డెబ్బై దగ్గర ఆగింది. నమ్మలేక మళ్లీ కట్టారు. మళ్లీ అంతే. జగదల్‌పూర్ అక్కర్లేదన్నారు. రోగం తగ్గిపోయిందని మాత్రం అనుకోవద్దు, ఉప్పు మళ్లీ ముట్టవద్దు అన్నారు. ఈ మనిషి చేత చప్పటి తిండి ఎలా తినిపించావని నన్నడిగారు. చీమల సంగతి హిందీలో చెప్పేశాను.

"ఏందే, ఏమంటుండు?" అంది అత్తమ్మ.

అబద్ధం చెప్పలేకపోయాను. తొక్కులో చీమలు నూరానని చెప్పాను.

"నాకు తెల్వదనుకున్నవా? మూడోనాడే చీమకాలు పంటికి తగిలింది."

"మరెందుకు తిన్నరు అత్తమ్మా?"

"నీ కంచంల గూడ అదే ఉండె. నువ్వు ఉప్పు లేక తింటుంటే నేనెట్ల వద్దంట?"

అని, డాక్టరుగారి వైపు తిరిగి, నా భుజం మీద చెయ్యి వేసి, తనకు వచ్చిన రెండే హిందీ మాటలు అంది. "మేరీ బహూ." నా కోడలు అని.

రెండింటి మోటారుకు తిరిగొచ్చాం. నేను బడికి వెళ్లింది మూడేళ్లే. అయినా ఆ రోజు ఒక డాక్టరుగారు నా మాట విని, మా పొరుగింటి అక్క తొక్కు సంగతి తన పుస్తకంలో రాసుకున్నారు. దారంతా ఆ సంగతే తలుచుకుంటూ కూర్చున్నాను. వెళ్లేవారికి నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు ఉప్పు మానమంటే, పెద్దవాళ్ల కంచంలోంచి మాత్రమే తీయకండి. కుండలోంచే తీయండి.