దస్తీ కింది ధర

ముందు ఫట్‌మని ఒక చప్పుడు వినబడేది, ఎండిన ఆకాశాన్ని ఎవరో ఒక్క విసురుతో మడతపెట్టినట్టు. బోధన్ పత్తి యార్డులో ఆ చప్పుడయిందంటే ఇనాయత్ భాయ్ దస్తీ రుమాలు దులిపాడన్నమాట. మనిషి ఆ తర్వాత వచ్చేవాడు.

ఆయనకున్న జబ్బు ఒక్కటే. అంకెను నోటితో పలకడు. అడ్తిదారుగా తాతల నుంచి నేర్చిన విద్య అది: రైతు తరఫున ఖరీదుదారు చెయ్యి పట్టుకుని, పైన దస్తీ కప్పి, వేళ్లు నొక్కి బేరం చేయడం. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని పదులు. పిడికిలి ముడిస్తే ఏమీ లేదని. మిగతా అడ్తిదారులు ఈ విద్యను సాయంత్రం యార్డు గేటు దగ్గర వదిలేసి వెళ్లేవారు. ఇనాయత్ భాయ్ ఇంటికి తీసుకుపోయేవాడు.

"ఎన్ని రొట్టెలు చెయ్యాలె?" అని షమ్సున్నీసా వంటింట్లోంచి అడిగితే ఆయన లేచి వెళ్లి, భార్య పిండి చేతి మీద దస్తీ కప్పేవాడు.

"నా చెయ్యి పట్టుకోనీకి నీకు రొట్టెల బేరం కావాల్నా?" అనేది ఆమె. అని, చెయ్యి మాత్రం తీసేది కాదు.

ఒకసారి దవాఖానలో డాక్టరు, జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. భాయ్ డాక్టరు చేతిని దస్తీ కిందికి లాక్కున్నాడు. లంచమనుకుని కంపౌండరు మర్యాదగా గోడవైపు తిరిగి నిల్చున్నాడు.

కూతురు రషీదా పెళ్లికి మగపెళ్లివారి పెద్దతో ఎంతమంది వస్తారన్న సంగతి కూడా దస్తీ కిందే తేలింది. నాలుగు వేళ్లు. ఇటు నలభై అనుకున్నారు, అటు నాలుగు వందలు అనుకున్నారు. బిర్యానీ దేగిశాలు తళతళా మెరిసేదాకా ఖాళీ అయ్యాక కూడా భాయ్‌ది ఒకటే వాదన: "పత్తిల అయితే వేలుకెంతో చిన్నపిల్లగానికి గూడ ఎరుకే!"

ఇట్లా సాగుతుండగా సర్కారుకు రైతు మీద ప్రేమ పుట్టింది. మార్కెట్ కమిటీ వచ్చింది. యార్డు గోడకు సున్నం, గేటుకు గంట, కార్యదర్శి గారికి కుర్చీ వచ్చాయి. గొంతు పెద్దదని వేలం గుమాస్తాగా నేనూ వచ్చాను. ఇకమీదట ధర పదిమందికీ వినబడేలా చెప్పాలి. రైతును మోసం చేసే చాటు బేరాలు బంద్.

"ఇనాయత్, ఒక్కసారి నీ చెయ్యి ఆ గుడ్డ కింద కనబడిందా, లైసెన్సు రద్దు!" అని కార్యదర్శి గారు తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పారు. భాయ్ దస్తీని మడిచి భుజాన వేసుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.

బహిరంగ వేలం మహా బహిరంగంగా సాగింది. మా దగ్గర జిన్నింగ్ మిల్లులుండి పత్తి కొనేవాళ్లు ముగ్గురే: మార్కండేయ సేటు, అయ్యూబ్ సేటు, లింబయ్య సేటు. ముగ్గురూ పొద్దున్నే యార్డు ఎదుటి హోటల్లో ఒకే కెటిల్‌లోని చాయ్ తాగుతూ ధర ఖాయం చేసుకునేవారు. తర్వాత యార్డులోకి వచ్చి ఎంతో న్యాయంగా పోటీపడేవారు.

"నూట నలభై" అనేవాడు మార్కండేయ సేటు. మిగతా ఇద్దరూ మబ్బుల అందం చూసేవారు. నేను మూడుసార్లు అరిచి గంట కొట్టేవాణ్ణి. హోటలు గేటుకు అవతల ఉంది కాబట్టి చట్టం అక్కడిదాకా పోలేదు, పాపం, చాయ్ తాగే అలవాటు లేదేమో.

ఆ శీతాకాలంలో మద్నూర్ వైపు నుంచి వసంతమ్మ బండి తోలుకొచ్చింది. తెల్లటి పత్తి, పొద్దుటి మంచును బస్తాలకెత్తినట్టుంది. మార్కండేయ సేటు చూడకుండానే నూట నలభై అన్నాడు.

"సూడకుంటనే ధర చెప్పినవ్, నీకేమన్న కలొచ్చిందా సేటూ?" అంది వసంతమ్మ. ఇనాయత్ భాయ్ వైపు తిరిగింది. "గీ ధరకు అమ్ముకొని పోతే ఎడ్లల్ల ఒకదాన్ని గూడ అమ్మాలె. ఒక్క ఎద్దుతోని దున్నుమంటవా అన్నా? రెండో దిక్కు నువ్వొచ్చి నిలవడ్తవా?"

భాయ్ ఎడ్లను చూశాడు. తర్వాత కుర్చీలోని కార్యదర్శి గారిని చూశాడు.

ఫట్!

"ఇనాయత్!" అని కార్యదర్శి గారు లేచారు.

"సలాం చేస్తున్న సాబ్! దోస్తులతోని చెయ్యి కలుపుడు గూడ మనాయేనా?" అంటూనే భాయ్ ముగ్గురి దగ్గరికీ వరసగా పోయాడు. తండ్రులనాటి అలవాటు కదా, దస్తీ కనబడగానే సేట్ల చేతులు వాటంతటవే లోపలికి పోయాయి.

కార్యదర్శి గారు చేరుకునే లోపల భాయ్ దస్తీ తీసి నేల మీద పడేశాడు. ఒట్టి చేతులు పైకెత్తాడు. జన్మలో మొదటిసారి ఆ నోటి నుంచి ఒక అంకె బయటికొచ్చింది.

"నూట డెబ్బై! లింబయ్య సేట్!"

ఎడ్లు బెదిరి మెడగంటలు మోగించాయి. మార్కండేయ సేటు లింబయ్య మీదికి తిరిగాడు. "చాయ్ తాగి చెప్పిన మాటేందిరా?"

"మార్కండేయ సేట్," అన్నాడు భాయ్ మెల్లగా, "నీ వేళ్లేమన్నయో గూడ చెప్పాల్నా?"

మార్కండేయ సేటుకు హఠాత్తుగా మబ్బులు గుర్తొచ్చాయి. అయ్యూబ్ సేటు అప్పటికే వాటిని చూస్తున్నాడు.

కార్యదర్శి గారు నన్ను పిలిచారు. "ధర బహిరంగంగానే చెప్పాడా?"

"డిచ్‌పల్లి దాకా వినబడి ఉంటుంది సార్."

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. ధర బిగ్గరగా చెప్పాలని ఉంది. ఆ ధర సేటు మనసులోకి ఏ దారిన వచ్చిందో కనుక్కోమని ఎక్కడా లేదు. లైసెన్సు నిలిచింది. వసంతమ్మ బండి రెండెడ్లతోనే గేటు దాటింది.

తర్వాత కొన్నేళ్లకు భాయ్ నాందేడులో కూతురి దగ్గరికి వెళ్లిపోతుంటే బస్టాండుకు పోయాను. ఆయన్ను చూడడం అదే ఆఖరు.

"భాయ్, ఆ రోజు వాళ్లు మాట తప్పుతరని నీకెట్ల ఎరుక?"

"ఎదురుంగ అందరు మాట మీద నిలవడ్తరు లింగన్న. ఒకనిదొకనికి ఇనవడ్తది గద! దస్తీ కింద ఎవని ఆశ వానిది. నేనేమన్న ధర దాస్తున్ననా? సేట్లను సేట్లకు కనవడకుండ దాస్తున్న, గంతే."

"మరి లైసెన్సు మీదికి తెచ్చుకున్నవు గద, వసంతమ్మ దగ్గర అడ్తి కమీషన్ ఎంత తీసుకున్నవ్?"

బస్సు కదలబోతోంది. ఆయన కిటికీలోంచి నా చెయ్యి అందుకుని దస్తీ కప్పాడు. లోపల నా వేళ్లన్నీ కలిపి మెత్తగా పిడికిలి ముడిచాడు.

"గిది మాత్రం ఎవ్వలకు చెప్పకు లింగన్నా. ఇనాయత్‌గాడు ముఫ్త్‌ల పని చేసిండని తెలిస్తే, బజార్ల ఇజ్జత్ పోతది."