అత్తకు అంకితం

పుస్తకావిష్కరణ సభలో కవయిత్రే బల్ల కింద దూరడానికి చోటు వెతుక్కోవడం మీరెప్పుడైనా చూశారా? ఆత్మకూరులో నా మొదటి కవితల పుస్తకం సభకు వచ్చినవాళ్ళు కళ్ళారా చూశారు.

మాది ఉదయగిరి. అచ్చుకు డబ్బుల్లేక నేను ఏడుపుముఖంతో తిరుగుతుంటే, మా అత్త తన మేకపోతును అమ్మి ఆ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు. "మనింటి పిల్ల రాసింది అచ్చులో రావాల. పో, వేయించుకో" అంది. నేను కరిగిపోయి పుస్తకాన్ని ఆమెకే అంకితమిచ్చాను. ఆ సంబరంలో లోపల ఏముందో మాత్రం మరిచిపోయాను. రాసింది నేనే సుమండీ!

సభలో అత్తకు శాలువా కప్పారు. ముఖ్య అతిథి కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దాయన. మన సభల ఆనవాయితీ ప్రకారం ఆయన పుస్తకం చదవకుండానే వచ్చారు. వేదిక మీదే విషయసూచిక తిరగేసి, "ఆహా! అంకితం అందుకున్న తల్లి మీదే ఒక కవిత! 'మా అత్త'! వినండి" అన్నారు.

"సార్, అది వద్దు సార్, ఇంకోటి చదవండి" అంటూ లేచాను.

"చూశారా వినయం!" అని సభకు నన్ను చూపించి, గొంతు సవరించుకుని చదివేశారు.

"ఈనబోయే మేకకు
వెచ్చటి కుడితి పెట్టింది అత్త.
నెలలు నిండిన నన్ను
తిన్నావా అని అడగలేదు."

చప్పట్లకు లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. మా ఆయన కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అత్త లేచింది. "ఇంకోసారి చదువు సారూ."

"అమ్మా, అది కేవలం కవి ఊహ..."

"ఊహో గీహో, చదువు."

చదివారు. అత్త తలవంచుకుని విని, నా వైపు తిరిగింది.

"నిజమే. అడగలా. నేను కడుపుతో ఉన్నప్పుడు నన్నూ ఎవురూ అడగలేదే పిల్లా. అట్టా అడగాలని నాకేం తెలుసు?"

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఆమె మీద కోపం రాసుకున్నాను గానీ, ఆమె ఎలా బతికిందో నేనూ ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుని శాలువా సర్దుకుంది.

"ఏడుపు మాను. మా అత్త సంగతులు నా దగ్గర బోలెడుండాయి. అన్నీ చెప్తా, రాసుకో. ఆమె పేరుతో సహా అచ్చు వెయ్యాల!"

సభ పగలబడి నవ్వింది. అప్పుడే, ఆ మైకు సాక్షిగా శపథం చేశాను: ఇకమీదట ఏ పుస్తకమైనా, అది నేను రాసిందే అయినా సరే, మొదటి నుంచి చివరిదాకా చదవకుండా ఎవరికీ అంకితమివ్వను.