దోమ కూడా వద్దనుకున్న నీళ్లు

నల్లపాడులో జాన్ బాషాకి పెద్ద పేరేమీ లేదు కానీ, పట్టా చిరిగిన రైతు ఎవరైనా ముందు వెతుక్కుంటూ వచ్చేది ఆయన దగ్గరికే. మిరపకాయలు ఎండబోసే టార్పాలిన్ పట్టాలకు ముప్పై ఏళ్లుగా మాట్లు వేస్తున్నాడు. చేతిలో ఎప్పుడూ పని ఉంటుంది, నోట్లో ఎప్పుడూ ఓ ప్రశ్న ఉంటుంది. చీమ ఎంత ఎత్తు నుంచి పడితే దెబ్బ తగులుతుందని అడుగుతాడు. కాకికి దాహం వేస్తే ఊళ్లో ఎక్కడికి పోతుందని అడుగుతాడు. పట్టా తీసుకుని తొందరగా పోదామని వచ్చిన రైతుకి ఇదో అదనపు శిక్ష.

ఆ ఏడు జూలైలో రెండు రోజులు వదలకుండా వాన పడి, షాపు ముందు పందిరి పట్టా మధ్యలో కుంగి బిందెడు నీళ్లు నిలిచాయి. వంచేద్దామని స్టూలెక్కి చూస్తే అందులో ఓ కప్ప కూర్చుని ఉంది. చుట్టూ సిమెంటు రోడ్డు, లారీలు. ఇది ఎక్కణ్ణించి వచ్చింది? ఇక్కడ నీళ్లున్నాయని దీనికెవరు చెప్పారు? ఆ ప్రశ్న ఆయన్ని మూడు రోజులు సరిగ్గా అన్నం తిననివ్వలేదు. నాలుగో రోజు ఓ నిర్ణయానికొచ్చాడు. ఇంటి పెరట్లో చిన్న కుంట తవ్వాలి. తనుగా ఒక్క ప్రాణినీ తేకూడదు. ఏవేవి వాటంతటవే వస్తాయో కూర్చుని చూడాలి.

భార్య జహీరున్నీసా ఒప్పుకోలేదు. రెండేళ్ల కిందట డెంగీ వచ్చి ఆవిడ పది రోజులు ఆసుపత్రి మంచం మీద పడి ఉంది. ప్లేట్లెట్లు ఎన్ని తగ్గాయో డాక్టరు చెప్పినప్పుడల్లా భర్త మొహం ఎలా మారిపోయేదో ఆవిడకి ఇంకా గుర్తే. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఖాళీ బకెట్టు కూడా బోర్లించే ఉంటుంది. వారం రోజులు బతిమాలించుకుని చివరికి ఒక షరతు మీద సరేనంది. నీళ్లలో దోమపిల్ల కనపడి, అది పోయే దారి లేకపోతే మట్టి పోసెయ్యాలి. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

ఆయన హుషారుగా తవ్వాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఒక పక్క మోకాలి లోతు, ఇంకో పక్క కప్ప నడిచి రావడానికి వీలుగా ఏటవాలు. రైతులు పనికిరాదని వదిలేసిన మిరపకాయల పట్టా ఒకటి షాపులో పడి ఉంటే మాట్లు వేసి, ఒకసారి కడిగి, గుంటలో పరిచాడు. ముప్పై ఏళ్లూ నీళ్లు లోపలికి రాకుండా మాట్లు వేసినవాడు మొదటిసారి నీళ్లు బయటికి పోకుండా వేశాడు. అంచుల మీద ఇటుక ముక్కలు పెట్టి, తుంగ దుబ్బు వేళ్లు శుభ్రంగా కడిగి నాటి, బోరు నీళ్లు నింపాడు. ఖర్చంటూ ఏమైనా ఉంటే ఒంట్లోంచి కారిన చెమటే.

ఇక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వారమైంది, ఏమీ రాలేదు. రెండు వారాలైంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి.

శుక్రవారం డ్రై డే, నిలవ నీళ్లు పారబోయించే రోజు అని ఆశా కార్యకర్త లిడియా ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. కుంట చూసి ముందు కంగారు పడింది. తెల్ల గరిటెతో పదిసార్లు ముంచి చూస్తే ఒక్క లార్వా లేదు. ఇంత శుభ్రమైన నీళ్లు ఈ వీధిలో ఎక్కడా చూడలేదని మెచ్చుకుంది. జహీరున్నీసా మొహం వెలిగిపోయింది. జాన్ బాషాకి మాత్రం దిగులు పట్టుకుంది. మురిక్కాలవలో బతుకుతుంది, కొబ్బరి చిప్పలో బతుకుతుంది, అంత సిగ్గులేని దోమకి కూడా ఈ నీళ్లు ఎందుకు నచ్చలేదు?

సంగతి బయటపెట్టింది జహీరున్నీసాయే. ఆరేసిన తువ్వాలు గాలికి కుంటలో పడితే, అంచు పట్టుకుని వంగి, పట్టా మడతల్లోంచి లాగింది. అదే చేత్తో చెమట తుడుచుకుంది. మరుక్షణం కళ్లు పట్టుకుని చతికిలబడింది. ఆయన పరిగెత్తుకొచ్చి తనూ అదే మడతలో వేళ్లు పెట్టి రుద్ది చూశాడు. చల్లగా ఉంది, అంతే.

"నీ చేతులకేం తెలుస్తుంది? మిరప్పట్టాలు కుట్టీ కుట్టీ మొద్దుబారిపోయాయి" అంది ఆవిడ, కళ్లనీళ్లు కారుస్తూనే.

ఆయన వేళ్లు వాసన చూసుకున్నాడు. కల్లంలో కాయల ఘాటు, కోతకి ముందు రోజు దాకా కొట్టిన మందులు అన్నీ ఆ పట్టాలోనే ఉన్నాయి. ఒక్కసారి కడిగితే పోయేవి కావు. చేతికి మంట తెలియలేదు కాబట్టి పోయాయనుకున్నాడు. ఈ పనిలో అందరికంటే తెలిసినవాణ్ణని అనుకునే మనిషికి చాలా సిగ్గేసింది.

అయితే అసలు కష్టం ఆ తర్వాతది. పట్టా మార్చాలంటే భార్యకి నిజం చెప్పాలి. దోమ బతకని నీళ్లలో ఇంకేదీ బతకదు. కాబట్టి దోమ బతికే నీళ్లు పెట్టుకుంటానని, డెంగీ వచ్చి లేచిన మనిషిని అడగాలి. రెండు రోజులు గొంతు దాకా తెచ్చుకుని మింగి, మూడో రోజు అడిగేశాడు. ఆవిడ "షరతు షరతే" అని మాత్రం అంది.

ఈసారి ఎవరిదో పుట్టినరోజుకి కట్టి వదిలేసిన ఫ్లెక్సీ తెచ్చి, మొహాలు కిందికి తిప్పి పరిచాడు. పాత నీళ్లు ఏ మొక్కకీ పోయకుండా ఖాళీ చోట ఇంకించి, తుంగని మళ్లీ కడిగి నాటాడు. ఆరో రోజుకి కొత్త నీళ్లలో దోమపిల్లలు తోకలాడిస్తూ పైకీ కిందికీ తిరిగాయి. ఆయన కళ్లు మెరిశాయి, ఆవిడ టీ వడపోత అందుకుంది. పొద్దునా సాయంత్రం ఆవిడే దేవి పారేసింది.

శుక్రవారం లిడియా వచ్చి చూసి, గంబూసియా చేపలు తెచ్చిస్తానంది. ఆయన వద్దన్నాడు. అవి దోమపిల్లలతో పాటు మిగతా వచ్చినవాటిని కూడా తినేస్తాయి, ఇంక చూడ్డానికేం మిగులుతుంది?

"ఒక్క వారమే బాబాయ్. వచ్చే శుక్రవారం గరిటెలో కనపడితే నేనే దగ్గరుండి పూడ్పిస్తా" అంది లిడియా. జహీరున్నీసా ఆ సాయంత్రమే పార తెచ్చి మట్టి కుప్ప పక్కన పెట్టింది.

ఆ వారమంతా ఆయన షాపు సరిగ్గా తెరవలేదు. తూనీగలు వచ్చి తుంగ మీద వాలాయి. బియ్యపుగింజంత పురుగులేవో ఎక్కణ్ణించో ఎగిరొచ్చి నీళ్లలో పడి, వెల్లకిలా తిరిగి, రెండు కాళ్లతో తెడ్లేసినట్టు ఈదడం మొదలుపెట్టాయి. వడపోతలో పడే దోమపిల్లలు రోజురోజుకీ తగ్గాయి. తగ్గాయి గానీ ఇంకా ఉన్నాయి.

శుక్రవారం లిడియా గరిటె ముంచింది. తొమ్మిదిసార్లు ఖాళీ. పదోసారి రెండు దోమపిల్లలు. జాన్ బాషా తలొంచుకుని పార అందుకున్నాడు. మాట ఇచ్చాక వాదించే మనిషి కాదు.

అదే గరిటెలో వెల్లకిలా ఈదే పురుగు కూడా ఒకటి వచ్చింది. అది కాసేపు కదలకుండా ఉండి, ఒక్క ఊపున ఓ దోమపిల్లని పట్టుకుంది. తెల్ల గరిటె కాబట్టి అంతా స్పష్టంగా కనపడింది. దోమపిల్ల నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. లిడియా గరిటె పక్కకి తియ్యబోయింది.

జహీరున్నీసా ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆవిడ మొహం గరిటెకి జానెడు దూరంలో ఉంది.

"కదపకమ్మా" అంది. "రెండోదాన్ని కూడా తింటుందేమో చూద్దాం."